పండగ కథల్లో జంతువులు: పిల్లలు దయ నేర్చుకుంటున్నారా, కథ విని ఊరుకుంటున్నారా?

క్లుప్తంగా

జంతువుల కథ ఒకటి చెప్పేస్తే పిల్లలకి మంచితనం అబ్బుతుందనే నమ్మకం సగమే నిజం. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు కథలో కనిపించిన జంతువు దగ్గరే ఆగిపోతారు, దాన్ని పక్కన కూర్చున్న పిల్లాడి దాకా తీసుకొచ్చేది పెద్దవాళ్ళు వేసే ఒకట్రెండు ప్రశ్నలు. ఇంకో సంగతి ఏంటంటే, అందరిలా లేని జంతువుని మిగతావి చివరికి ఏ కారణంతో కలుపుకున్నాయి అన్నదే పిల్లల మనసులో మిగిలే పాఠం, ఆ కారణం చాలా పండగ కథల్లో మనం అనుకున్నంత గొప్పగా ఏం ఉండదు.

కార్తీకం నుంచి కనుమ దాకా

బెంగళూరులో నవంబర్ నుంచి జనవరి మధ్య దాకా చిన్నపిల్లలున్న ఇళ్ళలోకి ఒక జంతువు తర్వాత ఇంకో జంతువు వస్తూనే ఉంటుంది. కార్తీక మాసం చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె అనే వేరుశనగల జాతర, అక్కడ దొడ్డ బసవణ్ణ (పెద్ద నంది) కథ. డిసెంబర్ మూడో వారానికి స్కూళ్ళలో క్రిస్మస్ సెలబ్రేషన్, అప్పుడు శాంటా బండి లాగే ఎర్ర ముక్కు రెయిన్‌డీర్, దూది అంటించిన చార్టులు, పుట్టాక మంచు అనేది చూడని పిల్లల నెత్తిన అట్టముక్క కొమ్ములు. జనవరిలో సంక్రాంతికి పక్కింటి కన్నడ వాళ్ళు ఎళ్ళు బెల్లం (నువ్వులూ బెల్లం) తెచ్చిస్తారు, మనవాళ్ళు మర్నాడు కనుమ అంటారు, అదృష్టం బాగుంటే అపార్ట్‌మెంట్ గేటు దాకా గంగిరెద్దు వస్తుంది, లేదంటే ఊళ్ళో తాతయ్య వీడియో కాల్లో ఎద్దుల్ని చూపిస్తాడు.

ఈ కథలన్నిటికీ ఇప్పుడు ఒకటే డ్యూటీ పడింది, పిల్లలకి దయ నేర్పడం, తమలా లేనివాళ్ళని కలుపుకోవడం నేర్పడం. దీని వెనకాల కారణాలు లేకపోలేదు. 2022 అక్టోబర్‌లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ కరికులం ఫ్రేమ్‌వర్క్ మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల చదువులో కథలకీ ఆటలకీ పెద్దపీట వేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అందరు పిల్లలూ ఒకే చోట కలిసి చదువుకోవాలంటుంది. దాంతో ప్లేస్కూల్ బోర్డుల మీద కూడా కైండ్‌నెస్, ఇంక్లూజన్ అనే మాటలు కనిపిస్తున్నాయి, వాటికి అందరికీ ముందుగా దొరికే సరంజామా జంతువుల కథే, ఖర్చు లేదు, ఏ మతం వాళ్ళకీ ఇబ్బంది లేదు, పిల్లలు వద్దనరు.

అయితే ఇంకో పక్కనుంచి "జంతువుల కథలు పనిచెయ్యవట, రీసెర్చ్‌లో తేలిందట" అనే ఫార్వర్డులు కూడా తిరుగుతున్నాయి, అవి చదివినవాళ్ళకి మరి పంచతంత్రం మానేయాలా అని డౌటు. పంచతంత్రం సంగతి చెప్పాలంటే అది అసలు దయ నేర్పడానికి రాసింది కాదు, రాజకుమారులకి లోకం పోకడ, రాజనీతి నేర్పడానికి విష్ణుశర్మ చెప్పినట్టుగా ఉన్న పుస్తకం, అందులో మొసలిని నమ్మి వీపెక్కిన కోతి బతికి బయటపడింది తెలివితో, మంచితనంతో కాదు. కాబట్టి దాని మీద ఈ బరువు పెట్టకుండా వదిలేయడం న్యాయం.

మూడు కాళ్ళ కుక్క కథలో పిల్లలకి ఏం వినిపించింది

2008లో అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకి ఒక టీవీ కార్టూన్ ఎపిసోడ్ చూపించారు. అందులో ఊళ్ళోకి మూడు కాళ్ళ కుక్క ఒకటి వస్తుంది, మిగతా కుక్కలు మొదట దానికి దూరంగా ఉంటాయి, మనకీ అంటుకుంటుందేమో అని కూడా భయపడతాయి, చివరికి అందరూ ఫ్రెండ్స్ అవుతారు. తీసినవాళ్ళ ఉద్దేశం క్లియర్‌గానే ఉంది, వైకల్యం ఉన్నవాళ్ళని వేరుగా చూడకూడదని. పిల్లల్ని ఈ కథ ఏం చెప్తుంది అని అడిగితే ఎక్కువమంది చెప్పిన జవాబు మాత్రం మూడు కాళ్ళ కుక్కలతో మంచిగా ఉండాలని, అంతే. మనుషుల దాకా రానే లేదు.

నవ్వొస్తుంది గానీ పిల్లల వైపు నుంచి చూస్తే అందులో తప్పేమీ లేదు, వాళ్ళు చూసింది కుక్కని, వాళ్ళని అడిగింది చూసినదాని గురించి. ఒక కథలోంచి "ఇది కుక్క గురించి కాదు, మా క్లాసులో కొత్తగా చేరిన అబ్బాయి గురించి" అని లాగడానికి రెండు విషయాలని పక్కపక్కన పెట్టి పైన కనిపించేవన్నీ తీసేసి లోపల ఒకేలా ఉన్నదేంటో పట్టుకోవాలి, అది ఐదేళ్ళకి చాలా బరువైన పని. ఎదుటివాడి మనసులో నా మనసులో ఉన్నది కాక వేరేది ఉండొచ్చు అనే తెలివే పిల్లల్లో సుమారు నాలుగేళ్ళ వయసులో కుదురుకుంటుంది. అంతకన్నా చిన్నవాళ్ళకి ఆ కుక్క బాధ కూడా సరిగ్గా అందదు, అది పడిపోవడం, పరిగెత్తడం, తోక ఊపడం అందుతాయి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఈ రకం కథలన్నీ చెడ్డ ప్రవర్తనతో మొదలై మంచితో ముగుస్తాయి, అంటే పావుగంట కథలో పన్నెండు నిమిషాలు వెక్కిరింపు, దూరం పెట్టడం, పేర్లు పెట్టడం, చివరి మూడు నిమిషాలు సారీ చెప్పుకోవడం. చిన్నపిల్లలకి ఎక్కువసేపు చూసింది ఎక్కువ గుర్తుంటుంది, పైగా వెక్కిరింపు సీన్లే సరదాగా ఉంటాయి కూడా. స్కూల్ స్టేజి మీద రెయిన్‌డీర్ నాటకం వేస్తే మిగతా రెయిన్‌డీర్లుగా వేసే పది మంది పిల్లలకి ప్రాక్టీస్ అంతా ఒకణ్ణి చూసి నవ్వడంలోనే అవుతుంది, ఇది ఎవరూ కావాలని చేసేది కాదు గానీ రిహార్సల్ ఎప్పుడైనా చూసినవాళ్ళకి అర్థమవుతుంది.

జంతువైతే బాగా ఎక్కుతుందా, మనిషైతేనా

ఫార్వర్డుల్లో తిరిగే రీసెర్చ్ టొరంటో యూనివర్సిటీ వాళ్ళది, 2017లో బయటకొచ్చింది. నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లలు దాదాపు వంద మంది, వాళ్ళకి ముందు కొన్ని స్టిక్కర్లు ఇచ్చి, స్టిక్కర్లు దొరకని ఇంకో పిల్లాడికి ఎన్ని ఇస్తావు అని అడిగారు. తర్వాత కొందరికి రకూన్ అనే జంతువు పంచుకోవడం నేర్చుకునే బొమ్మల కథ చదివారు, కొందరికి అదే కథని రకూన్ బదులు మనుషుల బొమ్మలు పెట్టి చదివారు, ఇంకొందరికి విత్తనాల గురించి ఏదో సంబంధం లేని పుస్తకం. మళ్ళీ స్టిక్కర్లు ఇచ్చి అడిగితే మనుషుల కథ విన్నవాళ్ళు ముందుకన్నా ఎక్కువ ఇచ్చారు. జంతువు కథ విన్నవాళ్ళ దగ్గర ఆ పెరుగుదల కనిపించలేదు, విత్తనాల పుస్తకం విన్నవాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు.

దీన్ని పట్టుకుని జంతువుల కథలు దండగ అనడం తొందరపాటు. ఒకే ఒక్కసారి చదివి వెంటనే స్టిక్కర్లు లెక్కపెట్టిన ప్రయోగం అది, నెల రోజులు రాత్రిపూట చెప్పించుకున్న కథ ఏం చేస్తుందో అది కొలవలేదు. అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని ఫార్వర్డు చేసేవాళ్ళు వదిలేస్తారు: జంతువుల కథ విన్న గుంపులో కూడా, జంతువులకి మనుషుల్లాంటి లక్షణాలు ఉంటాయని ఎక్కువగా అనుకున్న పిల్లలు ఎక్కువ పంచారు. అంటే అడ్డం పడేది జంతువు కాదు, జంతువుకీ తనకీ మధ్య పిల్లాడు పెట్టుకున్న దూరం. ఏనుగు తల ఉన్న దేవుడికి ఉండ్రాళ్ళు పెట్టి, కోతి రూపంలో ఉన్న దేవుడికి ఆకుపూజ చేసి, నంది చెవిలో కోరికలు చెప్పుకునే ఇళ్ళలో పెరిగే పిల్లలకి ఆ దూరం టొరంటో పిల్లలకి ఉన్నంత ఉంటుందని అనుకోవక్కర్లేదు. ఇది లెక్కలు చూపించి చెప్పే మాట కాదు, ఊహే, కానీ విదేశీ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించకపోవడానికి సరిపోయే కారణం.

చివరికి ఎందుకు కలుపుకున్నారు?

అసలు విషయం ఇక్కడుంది. ఇలాంటి కథలు ఎంచేటప్పుడు అందరూ చూసేది ముగింపులో అందరూ కలిశారా లేదా అని. చూడాల్సింది ఏ మలుపు దగ్గర కలిశారు అని.

ఎర్ర ముక్కు రెయిన్‌డీర్‌నే తీసుకుంటే, ఇది బైబిల్లో ఉన్న కథ కాదు, పాత జానపద కథా కాదు. 1939లో షికాగోలోని మాంట్‌గోమరీ వార్డ్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ క్రిస్మస్‌కి పిల్లలకి ఫ్రీగా పంచడానికి తమ దగ్గర యాడ్స్ రాసే ఉద్యోగి రాబర్ట్ మే చేత రాయించుకున్న చిన్న పుస్తకం, మొదటి ఏడాదే సుమారు 24 లక్షల కాపీలు పంచారు, పదేళ్ళ తర్వాత 1949లో పాట అయ్యింది, అక్కణ్ణుంచి ప్రపంచమంతా పాకింది. కథ అందరికీ తెలిసిందే, మెరిసే ముక్కు ఉందని మిగతావి ఏడిపిస్తాయి, ఆటల్లో చేర్చుకోవు, ఒక రాత్రి పొగమంచు కమ్మేస్తే ఆ ముక్కు వెలుతురే శాంటాకి దారి చూపిస్తుంది, అప్పుడు అందరికీ దాని మీద ప్రేమ పుట్టుకొస్తుంది. మరి పొగమంచు రాకపోతే? ఆ ప్రశ్నకి కథలో జవాబు లేదు. పనికొచ్చింది కాబట్టి మనవాడు, ఇదీ మలుపు. వినికిడి మెషిన్ పెట్టుకునే పాపకో, మాట తడబడే బాబుకో ఈ కథ చెప్పినప్పుడు వాళ్ళకి చేరే కబురు ఏంటంటే నీ దగ్గర ఏదో ఒక స్పెషల్ పవర్ బయటపడే దాకా ఆగు అని. మామూలు పిల్లలకి ఆ షరతు లేదు, వాళ్ళు ఏ పవరూ లేకుండానే ఆటలో ఉంటారు.

బాతుపిల్లల్లో వికారంగా పుట్టిన పిల్ల కథ, 1843 నాటి ఆండర్సన్ కథ, దాని మలుపు ఇంకా విచిత్రం. ఆ పిల్లని బాతులు చివరి దాకా కలుపుకోనే లేదు. అది పెరిగి హంస అయ్యి హంసల్లో కలిసింది, అంటే నీ జాతివాళ్ళు వేరే చోట ఉన్నారు వెళ్ళు అన్నట్టు. వినడానికి ఊరటగానే ఉంటుంది, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న పిల్లలకి, కానీ కలుపుకోవడం నేర్పే కథగా వాడితే తిరగబడుతుంది, అందం వచ్చాకే గౌరవం వచ్చింది కదా అని ఆరేళ్ళ పిల్ల అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

మన పండగల కథలు ఈ విషయంలో అన్నీ మేలైనవేం కావు. వినాయక చవితి వ్రత కథలో చంద్రుడు నవ్వే ఘట్టం అచ్చంగా బాడీ షేమింగే. ఉండ్రాళ్ళు తిని పొట్ట బరువుతో అమ్మానాన్నలకి వంగి దండం పెట్టలేక అవస్థ పడుతుంటే శివుడి తల మీద ఉన్న చంద్రుడు నవ్వుతాడు, ఆ తర్వాత పార్వతి శాపం, నిన్ను చూసినవాళ్ళకి నీలాపనిందలు అని. ఎగతాళి తప్పు అని ఇంత గట్టిగా చెప్పే పండగ కథ ఇంకోటి దొరకడం కష్టం, ప్రతి ఏడాదీ తెలుగు ఇళ్ళలో అక్షింతలు పట్టుకుని వింటాం కూడా. అయితే పిల్లలకి మిగిలేది చంద్రుణ్ణి చూస్తే దెబ్బ పడుతుందనే భయం. నవ్వించుకున్నవాడికి ఎలా అనిపించింది అన్నది కథలో రెండు వాక్యాలు దాటదు.

ఉడత కథ కొంచెం మెరుగు. వాల్మీకంలో లేకపోయినా తెలుగులో రంగనాథ రామాయణం నాటి నుంచే చెప్పుకుంటున్నాం, వారధి కట్టేటప్పుడు ఇసుకలో దొర్లి ఆ రేణువులు తెచ్చి విదిలించే ఉడత, దాని వీపు మీద రాముడి వేళ్ళ గుర్తులు. ఇక్కడ కూడా మలుపు పనే, కాకపోతే ఆ ఇసుక లేకపోయినా వారధి ఆగేది కాదు, అది అందరికీ తెలుసు, అయినా రాముడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. లెక్కలోకి వచ్చింది ఉపయోగం కాదు, వచ్చి నిలబడటం. నాలుగేళ్ళ పిల్లలకి ఇది సులువుగా ఎక్కడానికి ఇంకో కారణం ఉంది, పెద్దవాళ్ళ పనిలో చెయ్యి పెట్టబోయి "నువ్వు తప్పుకో" అనిపించుకోవడం వాళ్ళకి రోజూ ఉండేదే.

శ్రీకాళహస్తి కథ మాత్రం వేరే తరహా, శివరాత్రికి చెప్పుకునేది. పాము లింగానికి మణులు పెట్టి వెళ్తుంది, ఏనుగు వచ్చి ఈ రాళ్ళేంటని తొండంతో తోసేసి నీళ్ళు పోసి మారేడు పత్రి పెడుతుంది, మళ్ళీ పాము వచ్చి ఎవరో నా పూజ పాడు చేశారని ఆకులు తీసేస్తుంది. ఇద్దరిదీ భక్తే, ఇద్దరికీ ఎదుటివాడిది అల్లరిలా కనిపించింది. చివరికి పాము తొండంలో దూరడం, ఏనుగు తల బాదుకోవడం, రెండూ చచ్చిపోవడం, అక్కడే పూజ చేసిన సాలెపురుగుతో సహా శివుడు అందరికీ సమానంగా మోక్షం ఇవ్వడం. చావులు ఉన్నాయి కాబట్టి మూడేళ్ళ వాళ్ళకి అలాగే చెప్పలేం, తగ్గించి చెప్పాలి. కానీ దాని మలుపుని చూస్తే ఎవరూ ఎవరిలాగా మారలేదు, ఎవరూ ఎవరికీ పనికిరాలేదు, ఒకరి పద్ధతి ఇంకొకరికి అర్థం కాకపోవడమే గొడవ అని కథ నేరుగా చెప్తుంది. అరుపుల్లేకుండా ఆడుకునే పిల్లా, అరుస్తూ ఆడే పిల్లాడూ ఒకే గదిలో ఉన్న ఏ ప్లేస్కూల్‌కైనా ఇంతకన్నా దగ్గరి కథ లేదు.

ఇంక బసవనగుడి. అక్కడి గుడిని 1537లో కెంపేగౌడ కట్టించాడని చెప్తారు, లోపల ఒకే రాతిలో చెక్కిన నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 20 అడుగుల పొడవు. జనం చెప్పుకునే కథ ప్రకారం చుట్టుపక్కల రైతుల వేరుశనగ పంటని ఒక ఎద్దు రాత్రిళ్ళు వచ్చి మేసేసేది, ఎంత తోలినా ఆగేది కాదు, ఆఖరికి రైతులు మొదటి పంట నీకే పెడతాం మా చేలు వదిలెయ్యి అని మొక్కుకున్నారు, అదే పరిషె అయ్యింది. ఇబ్బంది పెట్టేవాడికి కూడా ఒక వాటా పక్కన పెట్టడం! పిల్లల కథల్లో ఇలాంటి మలుపు చాలా అరుదు, ఎందుకంటే మనం ఎప్పుడూ కలుపుకోవాల్సినవాణ్ణి మెత్తగా, అమాయకంగా, కళ్ళనిండా నీళ్ళతో చూపిస్తాం. నిజం క్లాసులో కలుపుకోవడం కష్టమయ్యేది కొరికే పిల్లాడితో, బొమ్మలు లాక్కునే పిల్లతో. వాళ్ళకి సరిపోయే కథ రెయిన్‌డీర్ కాదు, ఈ ఎద్దు.

శాపంతో ముగిస్తే

2014లో టొరంటోకి చెందిన ఇంకో బృందం మూడు నుంచి ఏడేళ్ళ పిల్లల మీద చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. అబద్ధమాడితే ముక్కు పెరిగే బొమ్మ కథా, నాన్నా పులి అని ఉత్తుత్తిగా అరిచినవాడి కథకి ఇంగ్లీషు చుట్టం లాంటి తోడేలు కథా విన్న పిల్లలు నిజం చెప్పడంలో ఏమీ మెరుగుపడలేదు. చెర్రీ చెట్టు కొట్టి నాన్న దగ్గర ఒప్పేసుకుని మెచ్చుకోలు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్ళు మాత్రం నిజం ఎక్కువ చెప్పారు. అదే కథ చివర మార్చి ఒప్పుకోనందుకు శిక్ష పడినట్టు చెప్తే ఆ ఫలితం పోయింది. భయం చూపించిన కథ వింటే పిల్లలు భయాన్ని గుర్తుపెట్టుకుంటారు, అప్పుడు ఏం చేయాలో వాళ్ళకి కనిపించదు.

సంక్రాంతికి తమిళులూ మనలో కొందరూ చెప్పే నంది కథ ఈ లెక్కలోకే వస్తుంది. రోజూ తలంటుకోండి, నెలకోసారి తినండి అని శివుడు చెప్పి పంపితే నంది తారుమారు చేసి రోజూ తినండి, నెలకోసారి తలంటుకోండి అని చెప్పేసిందట, అందుకని పో, అంత తిండి పండించడానికి నువ్వే దున్ను అన్నాడట. పెద్దవాళ్ళకి జోక్. నాలుగేళ్ళ పిల్లాడికి మాట పొరపాటు పడితే ఇంట్లోంచి పంపేస్తారు అని. కనుమ రోజు ఎద్దుల గురించే చెప్పాలనుకుంటే జాతక కథల్లో నందివిశాలుడనే ఎద్దు కథ ఉంది, వంద బళ్ళు లాగుతానని యజమాని చేత పందెం కట్టిస్తుంది, తీరా బండి కట్టాక ఆయన తిట్టి అదిలిస్తే కదలకుండా నిలబడి పందెం ఓడిస్తుంది, రెండోసారి మంచి మాటలతో పిలిస్తే వందా లాగేస్తుంది. ఇందులో శాపం లేదు, చేయాల్సిన పని మాత్రం స్పష్టంగా ఉంది, ఎలా పిలవాలో.

బెంగళూరు క్లాసులో అందరిలా లేకపోవడం అంటే

పల్లెటూరి స్కూల్లో అందరిలా లేనివాడు ఒకడో ఇద్దరో. ఇక్కడ కేఆర్ పురం, మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఏ ప్లేస్కూల్ చూసినా ఇరవై మంది పిల్లల్లో ఇంటి భాషలు నాలుగైదు ఉంటాయి, తెలుగులోనే అనంతపురం తెలుగు, కోలారు తెలుగు, ఉద్యోగాలకి వచ్చిన కోస్తా, తెలంగాణ తెలుగు, తరాల నుంచి ఇక్కడే ఉన్న రెడ్లూ నాయుళ్ళ ఇళ్ళలో కన్నడం కలిసిన తెలుగు. ఆ వయసులో దూరం పెట్టడానికి వైకల్యమే అక్కర్లేదు, డబ్బాలో ఏం తెచ్చాడు, "వాటర్" ఎలా పలికాడు అన్నవి చాలు. కటీఫ్ చెప్పుకోవడం ఏ భాషలోనైనా అర్థమైపోతుంది.

ఇలాంటి చోట రెండు భాషల్లోనూ ఉన్న కథకి విలువ ఎక్కువ. కన్నడ పిల్లలు పాడుకునే పుణ్యకోటి ఆవు పాట, మనకి 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో రాసిన ఆవు పులి సంవాదం, రెండూ ఒకే కథ. బిడ్డకి పాలిచ్చి వస్తానని మాటిచ్చి తిరిగొచ్చిన ఆవు. తెలుగులో పిల్లలకి చెప్పేటప్పుడు పులి మనసు కరిగి ఆవుని వదిలేయడంతో ఆపేస్తాం, కన్నడ పాటలో పులి పశ్చాత్తాపంతో ప్రాణం తీసుకుంటుంది. ఒకే క్లాసులో ఈ రెండు ముగింపులు విన్న పిల్లలు ఉంటారు కాబట్టి టీచర్ దాన్నే చర్చకి పెట్టొచ్చు, పులి బతికితే మర్నాడు ఆవూ పులీ ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటాయి అని.

పిల్లల ఆటల్లో పెద్దలు నేర్పకుండానే వచ్చిన ఏర్పాటు ఒకటి ఉంది, ఆటలో అరటిపండు. పరిగెత్తలేని చిన్నవాణ్ణి ఆటలోకి రానిస్తారు, అవుట్ లేదు, దొంగ అవ్వక్కర్లేదు. బయట నిలబెట్టడం కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఆరేళ్ళొచ్చేసరికి ఆ అరటిపండుకే తెలిసిపోతుంది తన పరుగు లెక్కలోకి రావట్లేదని, ఏడుపు మొదలవుతుంది. చాలా కథల ముగింపులు సరిగ్గా ఇక్కడే ఆగిపోతాయి, లోపలికి రానిచ్చారు, శుభం. రూల్స్ కొంచెం మార్చి వాడు కూడా నిజంగా దొంగ అయ్యేలా ఆట కట్టడం అనే రెండో మెట్టు కథల్లో దాదాపు కనపడదు.

కథ అయ్యాక ఏం జరుగుతుంది

మూడు కాళ్ళ కుక్క పరిశోధకులే తర్వాత 2010లో ఇంకో పని చేసి చూశారు. కార్టూన్ మధ్యలో ఆపి ఇది మనుషుల గురించి కూడా అని నేరుగా చెప్పే చిన్న ముక్కలు చేర్చారు, అప్పుడు పిల్లలకి అర్థం కావడం మెరుగుపడింది. ఐదారేళ్ళ పిల్లలతో జరిగిన వేరే ప్రయోగంలో కథ చదువుతూ "అలా ఎందుకు చేసింది" అని పిల్లల చేతే కారణం చెప్పించినప్పుడు కథలోని లోపలి విషయం వాళ్ళకి బాగా దొరికింది. మొత్తం మీద కథ చివర "నీతి ఏమనగా" అని పెద్దవాళ్ళు ప్రకటించే మన పాత పద్ధతి కన్నా, మధ్యలో ఎందుకని అడగడం, ఆఖర్లో కథని జంతువు నుంచి మనిషి మీదకి మళ్ళించడం ఎక్కువ పనిచేస్తాయి.

ప్రశ్నలు పెద్దవేం అక్కర్లేదు. పొగమంచు రాకపోతే ఏమయ్యేది? పాము మణులు ఎందుకు పెట్టిందో ఏనుగుకి ఎవరైనా చెప్పారా? మీ క్లాసులో నిన్న ఎవరు ఒక్కళ్ళే కూర్చున్నారు? మూడో ప్రశ్నకి జవాబు వెంటనే రాదు, రెండు రోజులాగి స్నానం చేయిస్తున్నప్పుడు వస్తుంది. చూడాల్సింది ఏంటంటే ఫలానా పిల్లాడి పేరు చెప్పి "వాడు ఆ రెయిన్‌డీర్ లాంటివాడు" అనకూడదు, స్కూల్లో మర్నాటి నుంచి ఆ పేరు అతుక్కుపోతుంది.

ఇంట్లో ఏ భాషలో చెప్పాలన్న దానికి కూడా ఇదే జవాబు. బడిలో ఇంగ్లీషులో విన్న కథకి పిల్లలు ఇంగ్లీషులో నేర్పిన జవాబులే చెప్తారు, షేరింగ్ ఈజ్ కేరింగ్ అని. అమ్మమ్మ తెలుగులో అడిగితే జరిగింది చెప్తారు. పుస్తకాలకి కొరత లేదు, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఫ్రీగా చదువుకోవచ్చు, చెన్నై తూలిక వాళ్ళవి తెలుగులోనూ ఉన్నాయి, వాటిల్లో జంతువుల బదులు మామూలు పిల్లలే ఉండే కథలు కూడా బోలెడు. రెండు రకాలూ కలిపి చదవడమే తెలివి.

కుక్క నిజంగా ఎదురొస్తే

ఈ కథల వల్ల వచ్చే సైడ్ ఎఫెక్ట్ ఒకటి ఉంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో మాట్లాడే, బట్టలేసుకునే జంతువుల పుస్తకాలు చదివిన చిన్నపిల్లలు నిజం జంతువుల గురించి నేర్చుకోవాల్సిన వాస్తవాలు తక్కువ నేర్చుకున్నారు, జంతువులకి మనుషుల లక్షణాలు ఎక్కువ అంటగట్టారు. ఇంట్లో వరకు పర్వాలేదు, వీధి కుక్కలున్న లేఅవుట్‌లో ఇది చిన్న విషయం కాదు, తింటున్న కుక్కని, పిల్లలు పెట్టిన కుక్కని వెనకనుంచి వెళ్ళి హత్తుకోవడం దయ అనుకుంటే ఆసుపత్రికి పరిగెత్తాలి. ప్రాణుల మీద దయ చూపడం రాజ్యాంగం 51ఏ(జీ) ప్రకారం పౌరుల ప్రాథమిక విధి, 1976లో చేర్చారు, అది ముట్టుకోమని చెప్పలేదు. దూరంగా నీళ్ళ గిన్నె పెట్టి వెనక్కి రావడం కూడా దయే అని పిల్లలకి విడిగా చెప్పాల్సిందే. ఇక అదే వారం అపార్ట్‌మెంట్ గ్రూపులో కుక్కలకి తిండి పెట్టే ఆంటీ మీద పెద్దవాళ్ళు వాయిస్ మెసేజ్‌ల్లో ఎగిరిపడుతుంటే పిల్లలు స్పీకర్‌లో వింటూనే ఉంటారు, ఏ కథ గెలుస్తుందో చెప్పక్కర్లేదు.

కథతో పాటు రూల్

షికాగోలో కిండర్‌గార్టెన్ టీచర్‌గా పనిచేసిన వివియన్ పేలీ ఈ సమస్యకి ఇంకో దారి పట్టారు. ఆమె క్లాసులో ఒక రూల్ పెట్టారు, ఎవరైనా ఆడుకుంటానని వస్తే "నువ్వొద్దు" అనకూడదు, అంతే. దాంతోపాటు ఒంటరి పిల్లల్ని వెతికి ఆదుకునే ఒక పక్షి కథని తనే అల్లుతూ రోజు రోజూ కొంచెం చెప్పేవారు, ఆ అనుభవాన్ని 1992లో పుస్తకంగా తెచ్చారు. కథ ఎందుకో చెప్పింది, రూల్ ఏం చేయాలో చెప్పింది, ఒకటి లేకపోతే ఇంకోటి నిలబడేది కాదు. ఇక్కడి స్కూళ్ళలో సాధారణంగా జరిగేది కథ చెప్పి, చార్ట్ అంటించి, ఫోటో గ్రూపులో పెట్టడం. ఆట స్థలంలో ఎవర్ని చేర్చుకోవాలన్నది మాత్రం పిల్లల్లో లీడర్ల ఇష్టానికే వదిలేస్తారు.

రూల్ పెట్టే ముందు పేలీ ఐదో తరగతి దాకా ఉన్న పెద్ద పిల్లల దగ్గరికి కూడా వెళ్ళి అడిగారు. వాళ్ళలో చాలామంది రూల్ న్యాయమైనదే అన్నారు, కానీ తమ దగ్గర పనిచేయదని, అలవాటు కావాలంటే చిన్న తరగతుల నుంచే మొదలుపెట్టాల్సిందని చెప్పారు.